ప్రపంచీకరణ నష్టం ఎవరి మీద పడుతుంది, ఏ దారిలో వస్తుంది?

"ప్రపంచీకరణ వల్ల దేశాలకు లాభమే జరిగిందని లెక్కలు చూపిస్తున్నారు కదా, మరి నష్టపోయామనేవాళ్లు ఎవరు? ఆ నష్టం అసలు ఎలా జరుగుతుంది?" అని అడిగారు.

అన్నీ కూడితే లాభమే, ఆ లెక్క తప్పు కాదు. కాకపోతే లాభం చౌక సరుకు రూపంలో కోట్లమందికి కొద్దికొద్దిగా పంచుకుపోతుంది. నష్టం కొన్ని ఊళ్ల మీద, కొన్ని వృత్తుల మీద ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బాగుపడ్డవాళ్ల దగ్గర కొంత తీసి దెబ్బతిన్నవాళ్లకు ఇచ్చే ఏర్పాటు ఉంటేనే ఆ కూడికకు అర్థం. చాలా దేశాలు తలుపులైతే తెరిచాయి గానీ ఆ ఏర్పాటు సరిగా చేయలేదు. ఎగుమతి ఆర్డర్లకు ధరలు కట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఆ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఉద్యోగాల సంగతి. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. దానికి ముందూ తర్వాతా చైనా సరుకు వల్ల అమెరికాలో ఏం జరిగిందో ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ జిల్లాల వంటి చిన్న చిన్న ప్రాంతాలుగా విడదీసి లెక్కగట్టారు. 1990 నుంచి 2007 వరకు ఫ్యాక్టరీ ఉద్యోగాలు తగ్గినదాంట్లో దాదాపు పావు వంతుకు చైనా దిగుమతుల పోటీయే కారణమని 2013లో తేల్చారు. మిగతా ముప్పావుకు యంత్రాల వంటి వేరే కారణాలున్నాయి. కాబట్టి మూతపడ్డ ప్రతి ఫ్యాక్టరీనీ ప్రపంచీకరణ ఖాతాలో రాయడం కుదరదు.

ఆ పావు వంతు ఎక్కడ పడిందన్నదే అసలు విషయం. ఫర్నిచర్, బట్టలు, బొమ్మలు చేసే ఊళ్ల మీద పడింది. పుస్తకాల్లో రాసినట్టయితే పని పోయినవాళ్లు వేరే ఊరికో వేరే రంగానికో వెళ్లిపోవాలి. చాలామంది వెళ్లలేదు. ఊరి ఫ్యాక్టరీ మూతపడితే ఇళ్ల ధరలు పడిపోతాయి. ఇల్లు అమ్మితే వచ్చే డబ్బుతో పనులున్న నగరంలో ఇల్లు కొనడం కాదు కదా, అద్దెకు అడ్వాన్సు కట్టడమే కష్టం. యాభై దాటిన కార్మికుడికి ఒకే యంత్రం మీద పాతికేళ్ల నేర్పు ఉంటుంది, దానికి బయట గిరాకీ ఉండదు. ఊళ్లో పన్నుల రాబడి తగ్గి బడికీ రోడ్లకూ డబ్బులుండవు. వాణిజ్యం వల్ల పని పోయినవాళ్ల కోసమని 1962 నుంచే అమెరికాలో ఒక సహాయ పథకం ఉండేది. దెబ్బతిన్న ప్రాంతాల్లో దానికంటే ఎన్నో రెట్లు వైకల్య పింఛన్ల మీద ఖర్చయింది. అంటే మళ్లీ పనిలో పెట్టే మార్గం పనిచేయక, జనం పని నుంచి శాశ్వతంగా తప్పుకునే మార్గం పట్టారు. ఆ పథకం కూడా 2022 జులైలో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది.

ఇక పని వెళ్లిన చోటికి వద్దాం. దిగుమతి చేసుకునే దేశంలో ఉద్యోగం పోతే, తయారుచేసే దేశంలో దొరికిన ఉద్యోగం ఏ షరతుల మీద దొరికిందో కాస్టింగ్ షీటు, అంటే ఆర్డర్‌కు ధర లెక్కగట్టే పట్టిక, చెబుతుంది. బట్టల ఆర్డర్‌లో ధర ముందే బిగించేస్తారు. షిప్‌మెంట్ తేదీ కూడా అంతే. మధ్యలో మారేవన్నీ కొనుగోలుదారు చేతిలో ఉంటాయి. ఉదాహరణకు 30,000 పీసుల ఆర్డర్ అనుకోండి. ఫ్యాక్టరీలోని కుట్టు లైన్ రోజుకు 1,000 పీసులు తీస్తే 30 పనిదినాలు కావాలి. రంగు శాంపిల్‌కు ఆమోదం 10 రోజులు ఆలస్యంగా వచ్చింది, తేదీ మాత్రం కదలలేదు. మిగిలింది 20 రోజులు, రోజుకు 1,500 తీయాలి. ఓవర్‌టైమ్ ఎంత పెట్టినా ఆ లైన్ 1,250 దాటడం లేదు. 20 రోజుల్లో 25,000 అవుతాయి. మిగతా 5,000 ఏం చేయాలి?

ఫ్యాక్టరీ ముందు మూడు దారులుంటాయి. తేదీ దాటితే ఇన్‌వాయిస్‌లో కోత పడుతుంది. తేదీ దాటాక విమానంలో పంపితే ఆ ఛార్జీ ఫ్యాక్టరీయే భరించాలి, అది ఓడ ఛార్జీకి ఎన్నో రెట్లు. ఆ ఒక్క ఖర్చుతోనే మొత్తం ఆర్డర్ మీద మార్జిన్ తుడిచిపెట్టుకుపోతుంది. మూడోది, ఆ 5,000 పీసుల్ని చెప్పాపెట్టకుండా చిన్న యూనిట్‌కి సబ్‌కాంట్రాక్ట్ ఇవ్వడం. ఎక్కువగా జరిగేది ఇదే. ఆ యూనిట్ పేరు కొనుగోలుదారు జాబితాలో ఉండదు, అక్కడికి ఏ ఆడిటరూ వెళ్లడు. బాల కార్మికులు, తాళం వేసిన అత్యవసర ద్వారాలు, లోడుకు మించిన వైరింగు బయటపడేది సాధారణంగా ఇలాంటి చోట్లే.

ఆడిట్ ఉంది కదా అంటారు. చెప్పి వచ్చే ఆడిట్ రిజిస్టర్లు చూస్తుంది, వాటిని రెండు రకాలుగా రాసి పెట్టుకోవడం పెద్ద పనేం కాదు. నిజంగా చూడాలనుకుంటే హాజరు పుస్తకం పక్కన పెట్టి కుట్టు నిమిషాల లెక్క తీయండి. ఒక పీసుకు ఎన్ని నిమిషాలు పడుతుంది, ఎన్ని పీసులు వెళ్లాయి, లైన్ మీద ఎంతమంది ఉన్నారు అన్నవి కలిపితే, రిజిస్టర్‌లో చూపిన గంటల్లో ఆ పని సాధ్యమా కాదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. చాలామంది కొనుగోలుదారుల దగ్గర ఈ మూడు అంకెలూ ఉంటాయి. లెక్క వేయరు, అంతే.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గరి సవార్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. పై అంతస్తులు అనుమతి లేకుండా లేపినవి, వాటి మీద భారీ జనరేటర్లు కూడా ఉన్నాయి. ముందురోజే గోడల మీద పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపేసింది. పైనున్న కుట్టు ఫ్యాక్టరీలు మాత్రం మర్నాడు పొద్దున పనివాళ్లను లోపలికి పిలిచాయి. అదే భవనం, అవే పగుళ్లు. బ్యాంకు మీద షిప్‌మెంట్ తేదీ లేదు. తర్వాత కుదిరిన భద్రతా ఒప్పందం మిగతావాటికంటే బాగా పనిచేయడానికి కారణం, అది కొనుగోలుదారు కంపెనీల్ని చట్టపరంగా కట్టిపడేసింది, తనిఖీ నివేదికల్ని బయటపెట్టించింది. స్వచ్ఛంద హామీ పత్రాలు అప్పటికే కుప్పలుగా ఉన్నాయి.

డబ్బు రాకపోకల నష్టం వేరే రకం, వేగం ఎక్కువ. థాయిలాండ్ 1993లో బ్యాంకులకు విదేశాల నుంచి డాలర్లలో అప్పు తెచ్చుకునే వెసులుబాటు ఇచ్చింది. అప్పట్లో అక్కడి కరెన్సీ బాత్ ధరను డాలర్‌కు సుమారు 25 దగ్గర ప్రభుత్వం కట్టేసి ఉంచింది. స్థానిక వడ్డీకంటే డాలర్ వడ్డీ తక్కువ కావడంతో కంపెనీలు ఏడాది లోపు గడువుతో డాలర్లు తెచ్చి, ఏళ్ల తరబడి పట్టే భవనాల్లో పెట్టాయి. 10 లక్షల డాలర్ల అప్పు అంటే 2.5 కోట్ల బాత్‌లు. 1997 జులై 2న ఆ కట్టు తీసి, బాత్ ధరను మార్కెట్‌కు వదిలేశారు. 1998 జనవరికల్లా డాలర్ 55 దాటింది. అదే అప్పు ఇప్పుడు 5.5 కోట్లు. కంపెనీ రాబడి బాత్‌లలోనే వస్తుంది, అది పెరగలేదు. వ్యాపారం బాగా నడుస్తున్న కంపెనీ కూడా ఆర్నెల్లలో దివాలా తీయడానికి ఇదొక్కటి చాలు. పైగా అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పిస్తూ వడ్డీలు పెంచమంది, ప్రభుత్వ ఖర్చు తగ్గించమంది. దాంతో విదేశీ అప్పు లేనివాళ్ల ఉద్యోగాలూ పోయాయి.

ఏ దేశం ఇలాంటి ప్రమాదానికి దగ్గరగా ఉందో చూడాలంటే జీడీపీ వృద్ధి వైపు చూడకండి, అప్పట్లో ఆ అంకె అద్భుతంగా ఉంది. ఏడాది లోపు తీర్చాల్సిన విదేశీ అప్పు ఒకవైపు, విదేశీ మారక నిల్వలు ఒకవైపు పెట్టండి. నిల్వలు అంతకంటే తక్కువైతే గాలివాటం మారగానే కూలుతుంది. నిల్వల అంకెను కూడా అలాగే నమ్మేయకూడదు. థాయిలాండ్ కేంద్ర బ్యాంకు ఆ డాలర్లలో చాలా భాగాన్ని ముందస్తు ఒప్పందాల్లో అప్పటికే అమ్మేసి ఉంది, బయటకు చూపిన అంకెలో అది కనిపించలేదు. అడ్డుకట్ట వేసిన దేశాలూ ఉన్నాయి. చిలీ 1991 నుంచి వచ్చే విదేశీ అప్పులో 20 శాతం, తర్వాత 30 శాతం, వడ్డీ లేకుండా ఏడాదిపాటు కేంద్ర బ్యాంకులో ఉంచమంది. మూడు నెలలకని వచ్చే డబ్బుకు ఇది మోయలేని భారం, పదేళ్లకని వచ్చేదానికి లెక్కలోకి రాదు. ఇలాంటి కట్టుబాట్లను కొన్ని సందర్భాల్లో సమర్థించవచ్చని ద్రవ్యనిధి 2012లో ఒప్పుకుంది.

పన్నుల దారి నిశ్శబ్దంగా నడుస్తుంది కాబట్టి దీని మీద ఎవరూ ఊరేగింపులు తీయరు. ఒక దేశంలో కంపెనీ ఖర్చు 60, అమ్మకం 100, లాభం 40 అనుకోండి. పన్ను 25 శాతమైతే 10 కట్టాలి. అదే యజమాని పన్ను లేని దేశంలో ఇంకో కంపెనీ పెట్టి బ్రాండ్ హక్కులు దాని పేర రాస్తాడు. ఇక్కడి కంపెనీ దానికి రాయల్టీ 20, నిర్వహణ రుసుము 8, తీసుకున్న అప్పు మీద వడ్డీ 9 కడుతుంది. మిగిలిన లాభం 3, పన్ను 0.75. సరుకు కదల్లేదు, ఒక్క ఉద్యోగి కూడా కదల్లేదు. సంబంధం లేని ఇద్దరి మధ్య ఇదే లావాదేవీ జరిగితే ధర ఎంత ఉండేదో చూడాలన్నది చట్టం. బ్రాండ్ ఒక్కటే ఉంటుంది, పోల్చడానికి ఇంకోటి దొరకదు. అధికారి అక్కడే చిక్కుకుంటాడు. ఆపిల్ ఐర్లాండ్‌కు 13 బిలియన్ యూరోల పన్ను కట్టాలని యూరోపియన్ కమిషన్ 2016లో చెప్పింది, అది ఖాయమయ్యేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. యూరోపియన్ కమిషన్‌కే ఎనిమిదేళ్లు పడితే, పది మంది ఆడిటర్లున్న చిన్న దేశం సంగతి చెప్పక్కర్లేదు. పోయిన రాబడిని చివరికి అమ్మకపు పన్ను పెంచి రాబడతారు. అది పేదవాడి జేబుకే ఎక్కువ తగులుతుంది.

తిండి విషయంలో హైతీ ఒక్కటి చాలు. 1995లో బియ్యం మీద సుంకాన్ని 3 శాతానికి దించారు. అమెరికా సబ్సిడీ బియ్యం వచ్చి పడ్డాయి, స్థానిక రైతులు సాగు వదిలి పట్నాలకు వెళ్లారు. కొంతకాలం తిండి చౌకగానే దొరికింది. 2008లో ప్రపంచ బియ్యం ధరలు ఎగబాకి, ఎగుమతి దేశాలు తలుపులు మూసుకున్నప్పుడు అల్లర్లు జరిగి ప్రధాని పదవి పోయింది. పాడుబడ్డ కాలువలూ విత్తనాలూ, వలస వెళ్లిన రైతులూ ఒక్క సీజన్‌లో వెనక్కి రారు. ఆ విధానం పొరపాటని, సుంకం దించినప్పుడు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ 2010లో స్వయంగా అన్నాడు.

వైద్యులు, నర్సులు ధనిక దేశాలకు వెళ్లిపోవడం, ధనిక దేశాల ప్లాస్టిక్ చెత్త పేద దేశాల రేవుల్లో తేలడం అందరికీ తెలిసినవే. సంస్కృతి మీద ప్రభావం గురించి చాలా రాస్తారు గానీ కొలవడానికి అందేది తక్కువ, అందులోకి వెళ్లను.

"మరి నెమ్మదిగా తెరిస్తే సరిపోతుందా?" అని అడగొచ్చు. అందుకు బట్టల కోటాల కథ చూడాలి. ధనిక దేశాల దిగుమతి కోటాలను 1995 నుంచి పదేళ్లలో విడతలుగా ఎత్తేయాలని ఒప్పందం. మొదట 16 శాతం, 1998లో 17, 2002లో 18, చివరి 49 శాతం 2005 జనవరి 1న. ఏ రకాలు ఏ విడతలో పెట్టాలో దిగుమతి దేశాలకే వదిలారు. అసలు పోటీ లేని రకాలు ముందు వదిలి, చొక్కాలూ ప్యాంట్లూ లోదుస్తులూ చివరిదాకా దాచుకున్నారు. పదేళ్ల గడువు కాగితం మీద ఉంది, మిల్లులకు అందింది ఒక్క రాత్రి. 2005లో చైనా సరుకు వెల్లువెత్తగానే యూరప్, అమెరికా రెండూ మళ్లీ పరిమితులు పెట్టాల్సి వచ్చింది. విడతలు రాసేటప్పుడు శాతాలతో పాటు ఏ సరుకు ఏ ఏడాదో కూడా ఒప్పందంలోనే రాయాలి. కార్మికులకు కొత్త పని నేర్పే డబ్బు మొదటి విడతతోనే విడుదల కావాలి. ఫ్యాక్టరీ మూతపడ్డాక వచ్చే శిక్షణకు హాజరయ్యేసరికి సగం మంది చేతిలో నెల ఖర్చు కూడా మిగలదు.