ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేసేవారు మైనర్ సబ్జెక్టును ఎలా ఎంచుకోవాలి?

మీ పరిశోధన ప్రశ్నకు తప్పనిసరిగా కావలసి, మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) తగినంతగా దొరకని పద్ధతి ఏదో, అదే మీ మైనర్ కావాలి. అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాలు మైనర్ అడగడానికి కారణం, జబ్బు ఒక్క శాస్త్రంతో తేలకపోవడమే.

భీమవరం చుట్టుపక్కల బోదకాలుపై పరిశోధించే ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చదివే శాస్త్రం) విద్యార్థినిని తీసుకోండి. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు రక్తంలో రాత్రిపూటే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, జనం పడుకునే వేళ ఇంటింటికీ తిరిగి వేలి నుంచి రక్తపు చుక్క తీయాలి. ఒకే మురుగు కాలువ పక్కనున్న పది ఇళ్లవాళ్లనూ కుట్టేవి ఆ మురుగులో పుట్టిన క్యూలెక్స్ దోమలే. అంటే ఆ నమూనాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటిని విడివిడిగా లెక్కిస్తే ఫలితం ఉన్నదానికంటే నిక్కచ్చిగా కనిపించి మోసం చేస్తుంది. కాబట్టి ఆమెకు బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంక శాస్త్రం) కావాలి. అదే ఊళ్లో, బోదకాలు రాకుండా పంచిన డీఈసీ మాత్రలు మింగకుండా గూట్లోనే ఎందుకు ఉండిపోతున్నాయన్నది ప్రశ్న అయితే, మానవశాస్త్రం మేలు.

మైనర్‌ను రెండో డిగ్రీ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది కొన్ని కోర్సులు మాత్రమే. దానితో ఎవరూ గణాంక నిపుణులైపోరు. మార్కులు సులువుగా వస్తాయని మేజర్‌కు దగ్గరి సబ్జెక్టునే తీసుకోవడం అంతకంటే పెద్ద నష్టం. మన దేశంలో పీహెచ్‌డీకి సాధారణంగా విడిగా మైనర్ ఉండదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉంటుంది. ఆ లోటు పూడ్చే కోర్సును అందులోనే అడిగి తీసుకోవాలి.