కొత్త ఆల్టర్నేటర్ వేసినా ఆగిన కారు: ఫిర్యాదు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. మా కారుకు 2023 ఆగస్టులో కొత్త బ్యాటరీ వేయించాను. 2024 జనవరిలో అది పాడైతే షాపువారు వారంటీ కింద ఉచితంగా మార్చి ఇచ్చారు. ఆ తర్వాత కూడా పొద్దున పూట సెల్ఫ్ తీసుకోకపోవడంతో హైదరాబాదులోని ఒక సర్వీసు సెంటర్‌కు తీసుకువెళ్లాను. ఆల్టర్నేటర్ (ఇంజిను నడుస్తున్నప్పుడు బ్యాటరీకి చార్జి ఇచ్చే యంత్రం) పోయిందని చెప్పి 2024 మార్చి 14న కొత్తది వేసి, మజూరీతో కలిపి రూ.27,800 తీసుకున్నారు. పాతది నేను అడగలేదు, అక్కడే వదిలి వచ్చాను. జూన్‌లో మా అమ్మగారిని ఆసుపత్రి నుంచి తీసుకొస్తుండగా, రాత్రివేళ రాజీవ్ రహదారిపై సిద్దిపేట దాటాక లైట్లు మసకబారి కారు ఆగిపోయింది. ఆ రాత్రి మేము పడిన నరకం రాయలేను. బ్యాటరీ షాపువారు ఈసారి వారంటీ ఇవ్వలేదు. సెప్టెంబరులో రూ.6,900 పెట్టి ఇంకో బ్యాటరీ కొన్నాను. చివరికి నవంబరులో మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ ఎర్త్ కేబుల్ లోపల కుళ్లిపోయిందని కనిపెట్టి, రూ.650కి మార్చాడు, దానికి బిల్లు తీసుకోలేదు. అప్పటినుంచి కారుకు ఏ ఇబ్బందీ లేదు. బ్యాటరీ కంపెనీ, షాపు, సర్వీసు సెంటర్ ముగ్గురి మీదా రూ.5 లక్షలకు కేసు వేయాలనుకుంటున్నాను. సర్వీసు సెంటర్ మేనేజరు ఏడాదిగా ఈ-మెయిళ్లలో ‘చూస్తున్నాం’ అంటున్నారు కనుక గడువు సమస్య లేదనుకుంటున్నాను. కేబుల్ లోపం గురించి ఎలక్ట్రీషియన్ చేత 2024 ఏప్రిల్ తేదీతో ధ్రువపత్రం రాయించుకుంటే బలంగా ఉంటుందని ఒక మిత్రుడు అన్నాడు. బిల్లులు బెంగళూరులో ఉండే మా అబ్బాయి పేరున ఉన్నాయి. ఏం చేయాలి? (2026 జనవరి)

జవాబు: ఆ రాత్రి మీరు పడిన బాధ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. వినియోగదారుల కమిషన్ ముందు ఈ కేసును తేల్చే ప్రశ్న మాత్రం ఒక్కటే. 2024 మార్చి 14న ఆల్టర్నేటర్‌ను విప్పే ముందు, అది నిజంగా చెడిపోయిందో లేదో సర్వీసు సెంటర్ సరిగా పరీక్షించిందా? దానికి సమాధానం కాగితం మీద దొరికితే మీ కేసు నిలబడుతుంది, దొరకకపోతే అమ్మగారి బాధ ఎంత నిజమైనా అది నష్టపరిహారం మొత్తాన్ని కొద్దిగా పెంచడానికి తప్ప తప్పు ఎవరిదో నిరూపించడానికి పనికిరాదు.

ముందుగా సాంకేతిక విషయం సూటిగా చూద్దాం, ఎందుకంటే ఎవరిని ప్రతివాదిగా చేర్చాలో అదే చెబుతుంది. పూర్తిగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ ఇంజిను ఆపి కొన్ని గంటలు ఉంచాక సుమారు 12.6 వోల్టులు చూపుతుంది, ఇంజిను నడుస్తున్నప్పుడు అదే బ్యాటరీ కొనల మధ్య సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉండాలి. ఇంజిను నడుస్తున్నా రీడింగు 12.8 దగ్గరే ఆగితే బ్యాటరీకి చార్జి అందడం లేదని అర్థం. దానికి కారణం ఆల్టర్నేటర్ కావచ్చు, బెల్టు వదులు కావచ్చు, లేదా ఆల్టర్నేటర్ సరిగానే పనిచేస్తున్నా అది ఇచ్చే కరెంటు తిరిగి వచ్చే దారిలో, అంటే ఇంజినుకూ బ్యాటరీ మైనస్ కొనకూ మధ్య ఉన్న ఎర్త్ కేబుల్‌లో, అడ్డంకి ఉండవచ్చు. ఈ మూడింటినీ వేరు చేయడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. ఇంజిను నడుపుతూ, హెడ్‌లైట్లూ ఏసీ బ్లోయరూ వేసి, మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ మీద, రెండో కొనను ఇంజిను లోహం మీద పెట్టి చూస్తే తేడా 0.2 వోల్టుకు మించకూడదు. మించితే ఎర్త్ దారి చెడిందని తెలుస్తుంది. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా బ్యాటరీ దగ్గర రీడింగు ఒక్కటే చూసి వేల రూపాయల ఆల్టర్నేటర్‌ను మార్చి ఉంటే, ఒక సాధారణ నైపుణ్యం గల వర్క్‌షాపు చూపవలసిన జాగ్రత్త చూపలేదని వాదించవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(11) సెక్షను చెప్పే సేవాలోపం అదే.

ఇక్కడే మీరు ఒక పెద్ద పొరపాటుకు సిద్ధమవుతున్నారు. బ్యాటరీలు లోపభూయిష్టమని, ఎర్త్ కేబుల్ వల్లే అన్నీ జరిగాయని ఒకే ఫిర్యాదులో రాస్తే, మీ మొదటి మాటను మీ రెండో మాటే కొట్టివేస్తుంది. కేబుల్ చెడినందువల్ల బ్యాటరీ ఎప్పుడూ అరకొర చార్జితోనే ఉంటుంది, అలా ఉండిపోయిన బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కొద్ది నెలల్లోనే పనికిరాకుండా పోతుంది. అంటే మీ ఎలక్ట్రీషియన్ చెప్పినది నిజమైతే బ్యాటరీలు తయారీలోపంతో పోలేదు. బండి విద్యుత్ వ్యవస్థలోని లోపం వల్ల పాడైన బ్యాటరీకి వారంటీ వర్తించదని వారంటీ కార్డులలో సాధారణంగా రాసి ఉంటుంది, కనుక షాపువారి నిరాకరణను తప్పుపట్టడం కష్టం. బ్యాటరీ కంపెనీనీ షాపునీ వదిలివేయండి. వారిని ప్రతివాదులుగా చేర్చితే, వారి న్యాయవాది మీ ఎలక్ట్రీషియన్ మాటనే పట్టుకుని తప్పించుకుంటారు, ఆ గందరగోళంలో సర్వీసు సెంటర్ కూడా జారుకుంటుంది. పైగా షాపువారు మీకు శత్రువులు కారు: 2024 జనవరిలో బ్యాటరీ మార్చినప్పుడు వారు తీసిన టెస్టు స్లిప్పు దొరికితే, అందులో ‘చార్జింగ్ తక్కువ’ అని ఉంటే, మార్చి నెల కంటే ముందే బండిలో ఇబ్బంది ఉందని చూపే స్వతంత్రమైన కాగితం అదే అవుతుంది.

సర్వీసు సెంటర్ ఎలా ఎదుర్కొంటుందో ఇప్పుడే తెలుసుకోండి. ‘మార్చిలో ఆల్టర్నేటర్ నిజంగానే పోయింది, మేము మార్చాం, కేబుల్ ఆ తర్వాత కుళ్లింది’ అంటారు. దీనికి నేరుగా జవాబు చెప్పగల వస్తువు ఆ పాత ఆల్టర్నేటర్ ఒక్కటే, దానిని మీరు సర్వీసు సెంటర్‌లోనే వదిలి వచ్చారు. డబ్బు చెల్లించి మార్పించిన పాత విడిభాగాన్ని అడిగి తెచ్చుకోవడం, కనీసం దాని ఫొటో తీసుకోవడం ప్రతి బండి యజమాని చేయవలసిన పని. రూ.27,800 చెల్లించిన రోజున ఆ పాత వస్తువు గురించి ఒక్క మాట అడగకపోవడం, ఎలక్ట్రీషియన్ దగ్గర రూ.650కి బిల్లు కూడా తీసుకోకపోవడం రెండూ అజాగ్రత్తే. చట్టంలోని 38(2)(సి) కింద వస్తువును ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ పంపడానికి వస్తువు ఉండాలి కదా. నిరూపించే బాధ్యత ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 1999లో రవ్‌నీత్ సింగ్ బగ్గా కేసులోనూ, 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులోనూ స్పష్టంగా చెప్పింది.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. మీకు బలమైన పరిస్థితి ఒకటి ఉంది: కొత్త ఆల్టర్నేటర్ పెట్టిన మూడు నెలలకే అదే లక్షణం తిరిగి వచ్చింది, అదే ఆల్టర్నేటర్‌నూ సెప్టెంబరులో కొన్న బ్యాటరీనీ ముట్టుకోకుండా కేబుల్ ఒక్కటి మార్చగానే సమస్య పోయి ఏడాది దాటింది. దీనిని రుజువుగా మలచాలంటే ఎలక్ట్రీషియన్ ప్రమాణపత్రం (అఫిడవిట్) కావాలి. అందులో 2024 నవంబరులో తాను ఏమి చూశాడో, ఏ రీడింగు తీశాడో, ఏమి మార్చాడో, ఎంత తీసుకున్నాడో నేటి తేదీతో ఉన్నదున్నట్లు చెప్పాలి. పని జరిగిన రోజును నిరూపించడానికి బిల్లు లేకున్నా, మీరు రూ.650 యూపీఐలో చెల్లించి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటులోని ఆ పంక్తి చాలు. కుళ్లిన కేబుల్ ఇంకా అతని దుకాణంలో ఉంటే ఇద్దరు సాక్షుల ఎదుట కవరులో పెట్టి, సంతకాలు చేయించి, ఫొటోలు తీసి భద్రపరచండి. అది లోపల ఎంత కుళ్లిందో చూస్తే కొద్ది వారాలలో అలా కాదని కమిషన్‌కు చెప్పుకోవచ్చు. ఫోనులోని ఫొటోలు, వాట్సాప్ సందేశాలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షను ప్రకారం ధ్రువీకరణ పత్రం జత చేయడం మంచిది.

ఇక ఆ వెనక తేదీ ధ్రువపత్రం మాట. ఆ ఆలోచనను ఇక్కడితో వదిలివేయండి, ఆ మిత్రుడి సలహా మళ్లీ వినకండి. నవంబరులో జరిగిన పనికి ఏప్రిల్ తేదీ వేసిన కాగితం తప్పుడు సాక్ష్యం. కమిషన్ ముందు జరిగే విచారణను చట్టం న్యాయ విచారణగానే భావిస్తుంది కనుక, అక్కడ కల్పిత సాక్ష్యం పెట్టినవారికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పైగా మీరు యూపీఐలో చెల్లించి ఉంటే ఆ చెల్లింపు నవంబరు అని చూపుతుంది, కాగితం ఏప్రిల్ అని చూపుతుంది. ఎదుటి న్యాయవాది ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే మీకు ఉన్న నిజమైన రుజువు కూడా అనుమానంలో పడుతుంది. నిజంగా ఉన్న కేసును అబద్ధంతో పోగొట్టుకునే పరిస్థితి మీరు తెచ్చుకోకూడదు.

గడువు విషయంలో మీ ధీమా ప్రమాదకరం. వినియోగదారుల రక్షణ చట్టంలోని 69వ సెక్షను ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, ఏర్పడిన రోజునుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఈ-మెయిళ్లూ, ‘చూస్తున్నాం’ అనే హామీలూ, మీరు పంపే లీగల్ నోటీసూ ఆ కాలాన్ని పొడిగించవు. గడువు దాటిన ఫిర్యాదును, ఎదుటివారు అభ్యంతరం చెప్పకపోయినా, కమిషన్ తానే పరిశీలించి తిరస్కరించాలని సుప్రీంకోర్టు 2009లో బి.ఎస్. అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. ఆల్టర్నేటర్ మార్చిన 2024 మార్చి 14 నుంచి లెక్కిస్తే మీకు ఈ మార్చి 13 వరకే సమయం ఉంది. లోపం బయటపడిన నవంబరునుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన అవసరమయ్యే స్థితికి రాకూడదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, మేనేజరు మాట నమ్మాను అన్నది తగిన కారణంగా నిలుస్తుందని నేను మీకు భరోసా ఇవ్వలేను.

కనుక ఈ వారంలోనే సర్వీసు సెంటర్‌కు స్పీడ్ పోస్టులోనూ ఈ-మెయిలులోనూ నోటీసు పంపి, 2024 మార్చి నాటి జాబ్ కార్డు (బండికి చేసిన పని రాసే కాగితం) పూర్తి ప్రతి, ఆల్టర్నేటర్ మార్చే ముందు తీసిన రీడింగులు, పాత ఆల్టర్నేటర్ ఏమైందో వివరం 15 రోజులలో ఇవ్వమని అడగండి. వారు ఇవ్వకపోయినా ఆగవద్దు, ఫిర్యాదుతోపాటు ఆ పత్రాలను దాఖలు చేయించమని కమిషన్‌కు దరఖాస్తు పెట్టండి. పత్రాలు తెప్పించడంలో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. తమ దగ్గర ఉండవలసిన రీడింగులను సర్వీసు సెంటర్ చూపలేకపోతే, పరీక్ష చేయలేదనే మీ మాటకు బలం వస్తుంది.

సర్వీసు సెంటర్ హైదరాబాదులో ఉన్నా మీరు హైదరాబాదు తిరగనవసరం లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే దాఖలు చేసే హక్కు 34వ సెక్షను ఇచ్చింది, కనుక కరీంనగర్ జిల్లా కమిషన్ సరిపోతుంది, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలలోపే కాబట్టి దాఖలు ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరీ కాదు. బిల్లులు మీ అబ్బాయి పేరున ఉన్నాయి కాబట్టి అతనిని మొదటి ఫిర్యాదుదారుగా, అతని అనుమతితో సేవను వాడుకున్న మిమ్మల్ని రెండో ఫిర్యాదుదారుగా చేర్చండి.

రూ.5 లక్షలు అడగవద్దు, నిరూపించలేని అంకె మిగతా మాటల విలువను కూడా తగ్గిస్తుంది. ఆల్టర్నేటర్‌కు చెల్లించిన రూ.27,800 వడ్డీతో తిరిగి ఇవ్వాలని, మార్చిలోనే లోపం పట్టి ఉంటే సెప్టెంబరు బ్యాటరీ అవసరమే వచ్చేది కాదు కనుక రూ.6,900 ఇవ్వాలని, ఆ రాత్రి ఇబ్బందికి రూ.50,000కు మించకుండా పరిహారం, ఖర్చులు ఇప్పించాలని కోరండి. ఆ రాత్రి బండి లాగించిన రసీదు ఉంటే జత చేయండి. ఫిబ్రవరి 20 నాటికి ఫిర్యాదు దాఖలై, దాఖలు సంఖ్య మీ చేతిలో ఉండాలి.