పాత థార్‌తో లద్దాఖ్‌కు: అప్పు చేయాలా, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 46 ఏళ్లు, ప్లైవుడ్ షాపు ఉంది. నెలకు 90 వేలు వస్తాయి, 60 వేలు ఇంటి ఖర్చు. 2012 మోడల్ డీజిల్ థార్, ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఉంది. 1.35 లక్షల కిలోమీటర్లు తిరిగింది. వచ్చే జూన్‌లో నేను, మా ఆవిడ 40 రోజులు లద్దాఖ్ తిరిగి రావాలని ఎన్నో ఏళ్ల కోరిక. దారి ఖర్చులకు 2 లక్షలు విడిగా దాచాం. బండిని సిద్ధం చేయడానికి గ్యారేజీలో 5 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు: లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచేది), వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), టాప్ మీద టెంట్, లైట్ బార్లు, స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం), పెద్ద టైర్లు. బ్యాంకు 13 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ అందులో 3.5 లక్షలు అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకి. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ వద్దు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. ప్రయాణం మాత్రం మానుకోకండి.

5 లక్షలు మూడేళ్లకు 13 శాతంతో తీసుకుంటే ఈఎంఐ నెలకు 16,850 దాకా పడుతుంది. వడ్డీయే లక్షా ఆరు వేలు. మీరు వెళ్లొచ్చిన రెండేళ్ల తర్వాత కూడా ఆ వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. అమ్మాయి ఫీజు తీసేస్తే ఎఫ్‌డీలో మిగిలే 2.5 లక్షలు మీ ఇంటికి నాలుగు నెలల ఖర్చు. సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు అంతకంటే తక్కువ చేతిలో ఉండకూడదు.

ఇక ఆ ఎస్టిమేట్ చూడండి. అందులో పెద్ద టైర్లు తప్ప అన్నీ కొత్తగా తగిలించేవే. పద్నాలుగేళ్ల బండిలో ఇప్పటికే అరిగిపోయినవాటి సంగతి ఒక్క లైనులో కూడా లేదు. లద్దాఖ్ దారిలో పాత బండిని ఆపేసేవి అవే. పదేళ్ల కిందట నా పాత జీపు నాగపూర్ దాటాక మే ఎండలో ఆగిపోయింది. రేడియేటర్ హోస్ పగిలింది. నాలుగైదు వందల రబ్బరు గొట్టం కోసం ఒక రోజంతా, లాగించుకెళ్లడానికి ఏడు వేలు పోయాయి. అప్పట్నుంచి నేను పాత బండి బానెట్ ఎత్తితే ముందు హోస్‌లను బొటనవేలితో నొక్కి చూస్తాను. సన్నని పగుళ్లు కనిపించినా, పిండిలా మెత్తగా నొక్కుకుపోయినా మార్చేయాల్సిందే.

మీ మెకానిక్‌తో ఇవి చూపించండి: అన్ని హోస్‌లు, బెల్టులు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు పైపులు, వీల్ బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, కమాన్ కట్టల బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు, క్లచ్, బ్యాటరీ. గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ ఆయిల్ మీ ఎదురుగానే దించమనండి. అది పాల టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. ఫోర్‌వీల్ లివర్ వేసి చూడండి. ఏళ్ల తరబడి వాడకపోతే అది పట్టేసి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు బాగానే ఉన్నా అంత పాత టైరుతో కొండలెక్కకండి. సైజు పెంచకుండా కంపెనీ చెప్పిన సైజులోనే స్టెప్నీతో కలిపి ఐదు కొనండి.

నా అంచనాలో టైర్లకు 50 వేలు, మిగతా పనులకు 60 వేలు, బ్యాటరీ, గాలి పంపు, పంక్చర్ కిట్, టూల్సుకు 20 వేలు. మొత్తం లక్షా 30 వేలు. ఆ ఈఎంఐ ఏదో ఈ నెల నుంచే మీకు మీరే కట్టుకోండి. నెలకు 17 వేల చొప్పున ఆర్‌డీ వేస్తే తొమ్మిది నెలల్లో లక్షా 53 వేలు అవుతాయి. 23 వేలు ఇంకా మిగులుతాయి.

దాచిన 2 లక్షల్లో డీజిల్‌కు 55 వేలు తీయండి (7,000 కిలోమీటర్లు, లీటరుకు 12 లెక్కన). తిండి, బసకు రోజుకు 2,500 చొప్పున లక్ష. మిగిలిన 45 వేలకు పై 23 వేలు కలిపితే 68 వేలు. అది దారిలో రిపేర్ల డబ్బు, మరి దేనికీ తీయకండి. అదనపు డీజిల్ డబ్బాల స్టాండు కూడా అక్కర్లేదు. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో టాండి అనే ఊళ్లో ‘తర్వాతి పంపు 365 కిలోమీటర్ల దూరంలో’ అని బోర్డు పెట్టారు. లీటరుకు పది ఇచ్చినా 37 లీటర్లు సరిపోతాయి, మీ ట్యాంకులో పట్టేవే.

ఇన్సూరెన్స్ ఉందిగా, రిపేర్లకు అంత డబ్బెందుకు అనుకోవద్దు. బండి దానంతటది చెడిపోతే మామూలు పాలసీ ఇవ్వదు. యాక్సిడెంట్ అయినా పదేళ్లు దాటిన బండికి ఇనుప విడిభాగాల ధరలో సగం తరుగుదల కింద కోసేస్తారు, రబ్బరు, ప్లాస్టిక్ సామానుకూ సగమే. తరుగుదల కోయని జీరో డెప్ కవర్ ఈ వయసు బండికి సాధారణంగా దొరకదు. పైగా కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఒక్కో మార్పుకు 5,000 వరకు జరిమానా పడొచ్చు. లిఫ్ట్ కిట్ చూసి క్లెయిమ్ దగ్గర పేచీ వస్తే నష్టం ఆ జరిమానాతో పోదు. టెంటుకు, వించ్‌కు పెట్టిన డబ్బు రేపు బండి అమ్మినా తిరిగి రాదు.

ఇంకో సంగతి, మీది డీజిల్ బండి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాల మీద, మీ దారిలో పడే ఢిల్లీ ప్రాంతంలో ఆంక్షలు పెట్టారు, 2018లో సుప్రీంకోర్టు కూడా వాటిని సమర్థించింది. అమలులో మార్పులు వస్తూనే ఉన్నాయి కాబట్టి బయల్దేరే వారం అప్పటి నియమం చూసుకోండి. ఆ టెన్షనే వద్దనుకుంటే జైపూర్, హిసార్ మీదుగా పంజాబ్ చేరవచ్చు. 2027లో మీ ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ పరీక్ష, 5,000 రెన్యువల్ ఫీజు, దాని మీద గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు.

పనులన్నీ ఏప్రిల్‌కల్లా ముగించి, జూన్‌లో వేసుకెళ్లే సామానంతా ఎక్కించి, మీ ఆవిడతో కలిసి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగి రండి. ఘాట్ దిగాక బండి ఆపి నాలుగు చక్రాల హబ్‌ల (చక్రం నడిమి భాగం) దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగ కొడుతుంటే అక్కడ బ్రేకో బేరింగో పట్టేస్తోంది. లద్దాఖ్ దారిలో ఎక్కడో సర్చూలో కాక ఇంటి దగ్గరే తెలిస్తే రెండు మూడు వేలతో పోయే పని అది.