అర్జెంటీనా వాళ్ల స్పానిష్‌లో ఇటాలియన్ యాస ఎందుకు వినిపిస్తుంది?

వలసల వల్లే. 1870ల నుంచి 1920ల దాకా దాదాపు 20 లక్షల మంది ఇటాలియన్లు ఓడలెక్కి అర్జెంటీనా వచ్చారు. పంట కోతల పనికొచ్చి, అవయ్యాక తిరిగెళ్లిపోయినవాళ్లూ చాలామందే. ఉండిపోయినవాళ్ల మాటే బ్యూనస్ ఐరిస్ వీధుల్లో కలిసిపోయింది. అక్కడి స్పానిష్ సాగదీత ఇటలీలోని నేపుల్స్ వాళ్లదానికి బాగా దగ్గర. వీడ్కోలుకి 'చావ్' అంటారు (మనకైతే కంగారే!), అది ఇటాలియన్ మాటే.

ఇటాలియన్ల నుంచి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ప్రతి నెలా 29వ తారీఖున తినే 'న్యోకి'. ఉడికించిన బంగాళాదుంపలో మైదా కలిపి చేసే చిన్న ముద్దలు. జీతం అయిపోయే రోజుల్లో చవగ్గా కడుపు నింపుతాయి. వచ్చే నెల డబ్బు నిలవాలని పళ్లెం కింద ఓ నోటు పెట్టుకుని తింటారు. పనికి రాకుండా నెలాఖరున జీతానికి మాత్రం హాజరయ్యే ఉద్యోగినీ అక్కడ 'న్యోకి' అనే పిలుస్తారు.