గడ్డి మిషన్ వేడెక్కి ఆగిపోతోందా? ముందు సైలెన్సర్ విప్పి చూడండి

ప్రశ్న: మాకు జంగారెడ్డిగూడెం దగ్గర ఐదెకరాల పామాయిల్ తోట ఉందండి. గడ్డి కోయడానికి రెండేళ్ల కిందట టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ కొన్నాను, నిరుటి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఈసారి వానలు పడ్డాక బయటికి తీస్తే బాగానే స్టార్టయింది, ఇరవై నిమిషాలు కోశాక మోత తగ్గి ఠక్కున ఆగిపోయింది. తాడు లాగితే బిగుసుకుపోయింది. అరగంట చల్లారాక స్టార్టయింది గానీ రేజ్ ఇస్తే ఆగిపోతోంది. నిరుడు కలిపి ఉంచిన పెట్రోలు మిగిలితే ముందు అదే పోశాను. ఆయిల్ లీటరుకి రెండు మూతలు పోస్తాను. మెకానిక్ పైపైన చూసి ఇంజన్ పోయింది, బ్లాక్ (అంటే సిలిండర్), పిస్టన్ సెట్టు వేయాలి, నాలుగు వేలవుతుంది అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. సెట్టు వేయాల్సి రావచ్చు, కాదనను. కానీ పాతది ఎందుకు పాడయిందో తెలియకుండా కొత్తది వేస్తే అదీ అదే దారిలో పోతుంది. నా చేతుల మీదే అలా జరిగింది. ఒక రైతు మిషన్‌కి తొందరపడి కొత్త సెట్టు వేసి పంపాను, వారం తిరక్కుండా మళ్లీ పట్టేసింది. విప్పి చూస్తే కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే నల్ల దిమ్మ స్క్రూలు రెండూ వదులై ఉన్నాయి, ఆ సందులోంచి గాలి లాగేస్తోంది. ఆ రెండు స్క్రూలు ముందే బిగించి ఉంటే ఆయన డబ్బు మిగిలేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీరు రాసినదాంట్లో అసలు సంగతి తాడు బిగుసుకోవడం. వేడి మీద ఆగిపోయి, తాడు మాత్రం మామూలుగా వస్తుంటే నేను పిస్టన్ జోలికే వెళ్లను. ట్యాంకు మూత కొంచెం వదులు చేసి లాగి చూడమంటాను, స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. అప్పటికీ కాకపోతే ఆ వేడి మీదే ప్లగ్ తీసి మెరుపు వస్తోందో లేదో చూడాలి, ఆ మెరుపునిచ్చే కాయిల్స్‌లో చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి వేడెక్కితే చచ్చిపోయేవి ఉంటాయి. కింద తలకి గడ్డి చుట్టుకుంది కాబట్టి తాడు బిగిసిందేమో అనుకోవద్దు, మధ్యలో క్లచ్ ఉంది కదా, అది మామూలుగా తాడు దాకా రాదు. మీ విషయంలో వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేసింది, చల్లారాక వదిలింది. ఇలా జరిగితే పిస్టన్ మీద గుర్తు మిగలకుండా ఉండదు.

ఆ గుర్తు చూడటానికి ఇంజన్ మొత్తం విప్పక్కర్లేదు. మిషన్ పూర్తిగా చల్లారాక ప్లగ్ క్యాప్ పీకేసి, సైలెన్సర్ బోల్టులు తీయండి. లోపల రంధ్రంలోకి టార్చి కొట్టి తాడు మెల్లగా లాగుతుంటే పిస్టన్ పక్క భాగం పైకీ కిందికీ కదులుతూ కనిపిస్తుంది. బాగున్న పిస్టన్ బూడిద రంగులో నున్నగా ఉంటుంది. పట్టేసిన పిస్టన్ మీద నిలువుగా గీతలుంటాయి, గీతల మధ్య లోహం పూసినట్టు మెరుస్తుంది, రింగు ఆ పూతలో ఇరుక్కుని కదలకపోవచ్చు కూడా. తర్వాత కార్బురేటర్ విప్పి అవతలి వైపు కూడా చూడండి, చాలా మిషన్లలో అటునుంచీ పిస్టన్ కనిపిస్తుంది.

గీతలు రెండు వైపులా ఉంటే ఆయిల్ అందలేదని అర్థం. సైలెన్సర్ వైపే ఉంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనా అయి ఉండాలి, లేదా సిలిండర్ రెక్కల మధ్య గడ్డిపొట్టు పేరుకుని చల్లబడకపోయినా అయి ఉండాలి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి పోతుంది, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే, అందుకే పైపు చీలినా, ఫిల్టర్ మూసుకుపోయినా, కార్బురేటర్‌లోని రబ్బరు పొర గట్టిపడినా చివరికి దెబ్బ తినేది పిస్టనే. యాక్సిలేటర్ వదిలేసినా మోత వెంటనే దిగకుండా కాసేపు గుయ్యిమంటుంటే ఎక్కడో గాలి లాగుతోందని అనుమానించండి.

నాకు మాత్రం మీ పాత పెట్రోలు మీదే ఎక్కువ అనుమానంగా ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. వానాకాలపు తేమో, మూత సరిగా బిగించని డబ్బాలోకి దిగిన నీళ్లో ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి దిగిపోతాయి, ఆయిల్ చాలావరకు పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఉండేది అడుగున, అంటే ఇంజన్ తాగేది ఆయిల్ లేని నీళ్ల పొరని! డబ్బాలో ఏమైనా మిగిలి ఉంటే అడుగుదాకా గాజు సీసాలో వంచి ఓ గంట కదపకుండా ఉంచండి, మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. పొరలు లేకపోయినా, ఏడాది నాటి పెట్రోలు జిగురు పట్టి కార్బురేటర్ రంధ్రాలు మూసేస్తుంది, దాన్ని మళ్లీ పోయొద్దు.

ఇక రెండు మూతల లెక్క. ఒక్కో డబ్బా మూత ఒక్కో సైజు, దాంతో కొలవకండి. మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకి 20 మి.లీ., 25:1 అని ఉంటే 40 మి.లీ. మెడికల్ షాపులో 20 మి.లీ. సిరంజి ఒకటి కొని దీనికే వేరుగా పెట్టుకోండి. 2టీ (టూ స్ట్రోక్) ఆయిలే వాడండి, ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ పనికిరాదు.

పిస్టన్ మీద గీతలు కనిపిస్తే, సిలిండర్ విప్పించినప్పుడు దాని లోపలి గోడ మీద గోరు పెట్టి లాగండి. తగలకపోతే పిస్టన్, రింగు మారిస్తే సరిపోవచ్చు, గోరు ఇరుక్కునేంత లోతు ఉంటే బ్లాక్ కూడా మార్చక తప్పదు. ఏ వైపు గీతలున్నాయో, సీసాలో ఏం కనిపించిందో మాకు రాయండి, అది చూశాక సెట్టు సంగతి తేలుద్దాం. అప్పటిదాకా దయచేసి మళ్లీ స్టార్ట్ చేయకండి.