ఫాక్‌లాండ్స్ యుద్ధంలో ఓడిపోతున్న సంగతి అర్జెంటీనా జనానికి ఎందుకు తెలియలేదు?

వేరే వార్త వినే దారి పెద్దగా లేదు, అదే అసలు కారణం. 1976 నుంచి సైనిక పాలన, బ్రిటన్‌తో యుద్ధం జరుగుతున్న ఫాక్‌లాండ్స్ దీవుల్లోకి వెళ్లనిచ్చింది ప్రభుత్వ మీడియా వాళ్లతో కలిపి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిని, వాళ్లు పంపింది కూడా సైన్యం చూసి కత్తిరించాకే బయటికొచ్చేది. 1982 మే 2న అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానో మునిగి 323 మంది చనిపోయారు, అంత పెద్ద దెబ్బ దాచలేరు కాబట్టి ఒప్పుకున్నారు. కానీ మే చివర్లో, దీవుల్లోని గూస్ గ్రీన్ అనే ఊరు చేజారిన వారంలోనే, ఓ వారపత్రిక ‘గెలుస్తూనే ఉన్నాం’ అని కవర్ పేజీ వేసింది. బ్రిటన్ విమానవాహక నౌక ఇన్విన్సిబుల్‌ని కొట్టేశామని కూడా ప్రకటించారు (దానికేమీ కాలేదు).

ఇంకోటి, జనానికీ నమ్మాలనే ఉంది. ఆ దీవులు మావే అన్న మాట అప్పటి సైనిక పాలకుడు గాల్టియెరి పుట్టించింది కాదు, బడి పాఠాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. అందుకే ఆ ప్రభుత్వం అంటే పడనివాళ్లు కూడా ఏప్రిల్‌లో జెండాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు, టీవీలో విరాళాలు అడిగితే ఒంటిమీద నగలు తీసిచ్చారు. జూన్ 14న లొంగిపోయారని తెలిసేసరికి అదే జనం రాజధానిలోని ప్లాసా దె మాయో కూడలిలో తిరగబడ్డారు, వారం తిరక్కుండానే గాల్టియెరి దిగిపోయాడు. తిరిగొచ్చిన సైనికుల చేత మాత్రం జరిగింది బయట చెప్పబోమని సంతకాలు పెట్టించుకున్నారు.