పావ్‌వావ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. ఆగస్టులో పిల్లల్ని పావ్‌వావ్‌కి, అదే అమెరికా ఆదివాసులు నాట్యాలతో, డోళ్ళతో జరుపుకునే వేడుకకి, తీసుకెళ్తానన్నావు, చాలా సంతోషం. వెళ్ళేలోగా ఇంట్లో ‘రెడ్ ఇండియన్లు’ అనే మాట మాన్పించు. అమ్మమ్మా తాతయ్యలు ఫోన్‌లో అన్నా సరే, నెమ్మదిగా సరిదిద్దు. అమెరికా ప్రభుత్వం గుర్తించిన జాతులే 570కి పైగా ఉన్నాయి, ఎవరి పేరు వాళ్ళకుంది. మీ మిన్నెసోటాలో డకోటాలు, ఒజిబ్వేలు. రాష్ట్రం పేరే డకోటా మాట, ‘మ్నీ’ అంటే నీళ్ళు. అక్కణ్ణుంచే మొదలుపెట్టు. ‘ఒకప్పుడు ఉండేవారు’ అని మాత్రం చెప్పకు. వాళ్ళ పిల్లలు మీ పిల్లల క్లాసులోనే ఉండొచ్చు.

ముందుగా ఒక్క సంగతే చెప్పాలంటే జింగిల్ డ్రెస్ గురించి చెప్పు. 1918 ఫ్లూ రోజుల్లో జబ్బుపడ్డ కూతురి కోసం ఒక తండ్రికి ఆ గౌను, ఆ నాట్యం కలలో కనిపించాయని ఒజిబ్వేలు చెప్పుకుంటారు. పొడుం డబ్బా మూతలను గరాటుల్లా చుట్టి, గౌనుకి వరసలుగా కుట్టేవారు. అడుగు వేస్తే అవి ఒకదానికొకటి తగిలి మోగుతాయి. రోగుల కోసం ఆ నాట్యం ఇప్పటికీ చేస్తారు. అందుకే ఆ గౌనుని వేషం అనకూడదు, ‘రెగేలియా’ అనాలి, అంటే గౌరవ వస్త్రాలని. ముట్టుకోకూడదు. గజ్జెలు కళ్ళకద్దుకుని కట్టుకునే కూచిపూడి పిల్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పెద్దపిల్లాడికైతే ఇంకొకటి కూడా చెప్పు: 1883 నుంచి ఈ నాట్యాల్లో చాలావాటిని ప్రభుత్వం నేరంగా చూసింది, 1934లో గానీ ఆ పట్టు సడలలేదు. అది తెలిస్తే అక్కడి డోలు మోత వాడికి వేరేగా వినిపిస్తుంది.

గ్రాండ్ ఎంట్రీకి, అంటే అందరూ వరసగా ఆవరణలోకి వచ్చే ప్రారంభ ఊరేగింపుకి, గంట ముందే చేరండి. మడతకుర్చీలు మీవే పట్టుకెళ్ళండి. ఆవరణ అంచున దుప్పటి పరిచిన కుర్చీలు నాట్యకారులవి. ముందుగా గద్ద ఈకల దండం, జెండాలు, మాజీ సైనికులు వస్తారు. అందరూ లేచి టోపీలు తీయాలి. ప్రార్థన వేళ ఫోన్ సంచిలో ఉండాలి. ఎవరినైనా విడిగా ఫొటో తీయాలంటే అడగాలి. గద్ద ఈక కిందపడితే పిల్లలు పరుగున వెళ్ళి తీస్తారు, అది పెద్ద పొరపాటు. నాట్యం ఆపి, దానికంటూ ఉన్న మర్యాదతో పావ్‌వావ్ వాళ్ళే తీసుకుంటారు.

‘ఇంటర్‌ట్రైబల్’ అని పిలిచి అందరినీ రమ్మంటే అప్పుడు దిగండి. అడుగు ఇంట్లోనే నేర్పు: ఒక దరువుకి ముని వేళ్ళు తాకించాలి, రెండో దరువుకి అదే పాదం పూర్తిగా ఆనించాలి, తర్వాత రెండో కాలు. మిగతావాళ్ళు ఎటు తిరిగితే అటే. అడ్డంగా పరిగెత్తనివ్వకు, డోలు తాకనివ్వకు. దుప్పటి పరిచి విరాళం అడిగినప్పుడు పిల్లలే వేసేలా డాలరు నోట్లు పది దగ్గర ఉంచుకో. చిన్నది రెండు గంటలకి మించి కూర్చోలేదు, సాయంత్రం దాకా లాగకు.

ఇంటికొచ్చాక కాగితం ఈకల తలకట్టు చేయించకు. గద్ద ఈక గౌరవంగా ఇచ్చేది, ఆటవస్తువు కాదు. దానికి బదులు జింగిల్ గౌను బొమ్మ గీయించి, అది ఏ జాతివాళ్ళదో వాళ్ళ పేరు రాయించు.

అన్నట్టు, అక్కడ అమ్మే ‘ఇండియన్ టాకో’లో, అంటే వేయించిన రొట్టె మీద కూర వేసిచ్చేదాంట్లో, సాధారణంగా గొడ్డుమాంసం ఉంటుంది. ఉత్త ఫ్రైబ్రెడ్, అదే ఆ వేయించిన రొట్టె, తినొచ్చు, కానీ కొందరు పంది కొవ్వులో వేయిస్తారు, అడిగి కొను.

ఇట్లు,
మీ పెద్దమ్మ